సిబ్బంది పొరపాటు

ఫిబ్రవరి 3

కందిరీగా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి పిన్ని అనుకోకు. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో చేత్తో ఎవరిదో వ్యాసం దిద్దుకుంటూ ఉంటావు. నాకేమో కోపం వస్తే ముందు చెప్పాల్సింది వెనక, వెనక చెప్పాల్సింది ముందు వచ్చేస్తుంది. కాగితమైతే నేను వరసగా చెప్పి తీరాలి, నువ్వు మొత్తం చదివి తీరాలి.

మా ప్రొఫెసరుగారి వ్యాసం కిందటేడు మీ జర్నల్లో వేశారు కదా, కొత్త మందు కాలేయానికి ఏ హానీ చెయ్యదని. అందులో ఒక పేజీని ఆ మహానుభావుడు తలుపంత చేయించి, ఫ్రేము కట్టించి, మా ల్యాబు వరండాలో తగిలించాడు. రోజూ దాని పక్కనుంచే పోతాను గానీ ఎప్పుడూ కన్నెత్తి చూడలేదు. మొన్న లిఫ్టు పాడైంది. నాలుగంతస్తులెక్కి ఆయాసం తీర్చుకుంటూ సరిగ్గా దాని ముందే నిలబడ్డాను.

పక్కపక్కన రెండు బొమ్మలు. ఎడమది మందు వెయ్యని ఎలుక కాలేయం. కుడిది ఆరు వారాలు మందు వేసిన ఎలుక కాలేయం. రెంటికీ తేడా లేదు చూడండి, మందు ఎంత మంచిదో, అని కింద రాత. తేడా ఎందుకుంటుందే? రెండూ ఒకటే బొమ్మ! కుడిదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి, రంగు కాస్త ముదురు చేశారు, అంతే.

నీకెలా తెలుసంటావేమో. నీ చిన్నప్పుడు నా పని చూపించాను. కాలేయం ముక్కని మైనంలో పోతపోసి, ఆ దిమ్మని ఉల్లిపొర కన్నా పల్చగా బ్లేడుతో కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చి, గాజు స్లైడు మీదికి ఎక్కిస్తాం. ఈ ఎలుకల దిమ్మలు కోసిన రోజు నా చేతిలో పట్టకారు జారి బ్లేడు అంచుకి తగిలింది. గంటు పడింది. గంటు పడ్డ బ్లేడుతో కోస్తే ముక్కకి అడ్డంగా సన్నటి గీత వస్తుంది. కొత్త బ్లేళ్ల డబ్బా మర్నాటికి గానీ రాదన్నారు. ఆగాల్సింది. ఆగకుండా దానితోనే నాలుగు దిమ్మలు కోశాను. తప్పు నాదే, రిజిస్టరులో అలాగే రాసి సంతకం పెట్టాను. ఆ నాలుగూ మందు వెయ్యని ఎలుకలవి. మందు వేసినవి మర్నాడు కొత్త బ్లేడుతో కోశాను. మరి వాటి బొమ్మలో నా గీత ఎలా వచ్చిందే?

ఇంకో సంగతి. మందు వేసిన వాటిని కోసింది నేను, రంగు వేసింది నేను. ఆ కాలేయాలు అంత నున్నగా లేవు. పుండు పడినట్టు మచ్చలు. ప్రొఫెసరుగారు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఎన్నేళ్లయిందో. పెట్టినా ఆయనకి తన కనుబొమ్మ తప్ప ఏమీ కనబడదు. కానీ మచ్చలున్న స్లైడ్లు పక్కన పెట్టమని నాతో ఆయనే అన్నాడు. ఇప్పుడీ మందుని మనుషులకి ఇచ్చి చూస్తారట.

నువ్వు ఆ జర్నల్లోనే పనిచేస్తున్నదానివి. ఇలాంటిది బయటపడితే మీవాళ్లు ఏం చేస్తారో నాకు రాయి. మీ అమ్మకి చెప్పకు, ఆవిడ చుట్టాలందరికీ చెప్తుంది.

కళ్లు మండుతున్న
పిన్ని


ఫిబ్రవరి 14

పిన్నీ,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత మా ఆఫీసులో ఆ వ్యాసం తీసి రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. గీత మీద గీత కూర్చుంది.

మావాళ్లు ఏం చేస్తారని అడిగావు. చేసేశాను. నీ ఉత్తరం ఎడిటరుగారి ముందు పెట్టాను. భయపడకు, నీ పేరు, ఊరు, నన్ను పిలిచిన పిలుపు, నా చిన్నప్పటి సంగతి, అమ్మ మాట, అన్నీ నల్లగా కొట్టేసి నకలు తీశాను. మనం బంధువులమని మాత్రం చెప్పలేదు. చెబితే ఫైలు నా చేతిలోంచి తీసేస్తారు. ఇంకొకరి బల్ల మీదికి పోతే అది ఏడాది నిద్రపోతుంది. నా దగ్గరుంటే పరుగెత్తిస్తాను.

పద్ధతి ఏమిటంటే, ముందు రచయితని సంజాయిషీ అడుగుతాం. నాలుగు వారాలు గడువు. ఆయన జవాబు సరిగ్గా లేకపోతే ఆయన పనిచేసే సంస్థని విచారణ చెయ్యమంటాం. తేలితే సవరణ వేస్తాం. పెద్దదైతే వ్యాసాన్నే వెనక్కి తీసుకుంటాం. నెమ్మదే, కానీ కదులుతుంది.

ఆరేళ్లుగా ఈ కుర్చీలో కామాలు దిద్దుతున్నాను. మొదటిసారి పనికొచ్చే పని చేసినట్టుంది. లిఫ్టు పాడవడం మంచిదైంది.

నీ
కందిరీగ


మార్చి 9

ఏమే,

నీకు రాయకూడదనే అనుకున్నాను. మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

కిందటి గురువారం ప్రొఫెసరు గదిలోకి పిలిచారు. బల్ల మీద నా ఉత్తరం. నా ఉత్తరమే! పేరు నల్లగా కొట్టేశావు సరే. పట్టకారు జారడం కొట్టేశావా? గంటు పడ్డ బ్లేడు కొట్టేశావా? నాలుగు దిమ్మలు కొట్టేశావా? ఈ భవనంలో దిమ్మలు కోసేది ఒక్కదాన్నే నేను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్కదాన్నే. మనిషికి ముసుగు వేసి, ఫలానా ఇంటి నంబరు అని మెడలో పలక కట్టి పంపినట్టుంది నువ్వు చేసింది.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "కనుబొమ్మ సంగతి బాగా రాశారమ్మా" అన్నాడు నవ్వుతూ. మర్నాటి నుంచి నన్ను కింద సామాన్ల గదికి మార్చారు. పాత సీసాలకి కొత్త చీటీలు అంటించడం నా పని. నా కోత యంత్రానికి తాళం వేశారు. తాళం చెవి ఆయన దగ్గర.

నేను నిన్ను అడిగిందేమిటి? ఏం చేస్తారో రాయమన్నాను. చెయ్యమన్నానా? ఒక్క మాట అడిగి ఉంటే, వద్దే తల్లీ, ఆగవే, నేనే పద్ధతిగా రాసి పంపుతానని చెప్పేదాన్ని కదా!

పైగా మీ పద్ధతొకటి. ఇతను దొంగతనం చేశాడండీ అని చెబితే, అతని చేతికే ఆ కాగితం ఇచ్చి, "నిజమేనా బాబూ?" అని అడుగుతారా? అడగడానికి నెల గడువిస్తారా? ఆ నెలలో అతను ఏం చేస్తాడో మీ ఎడిటరుగారికి ఎప్పుడూ తట్టలేదా?

సీసాల దుమ్ముకి దగ్గు పట్టుకుంది. అదీ నీ పుణ్యమే.

పిన్ని


మార్చి 18

పిన్నీ,

తప్పయింది. ముందుగా అది. పేరు తీసేస్తే మనిషి కనబడదనుకున్నాను. మా ఆఫీసులో అందరం అలాగే అనుకుంటాం. నీ పని నీ ఒక్కదానికే తెలిసినదన్నది నాకు తట్టలేదు. నిన్నే చూస్తూ పెరిగినదాన్ని, నాకే తట్టకపోతే ఎవరికి తడుతుంది!

కానీ నాదీ ఒక మాట విను. ఉత్తరం చదివి ఊరుకోవాల్సిందా? ఆ మందు మనుషులకి ఇస్తారని రాసింది నువ్వే. అది చదివాక నీ అనుమతి కోసం తపాలా రానూపోనూ పది రోజులు కూర్చోవాలా? నువ్వైతే కూర్చునేదానివా? దొంగ చేతికి కాగితమిస్తారా అన్నావు. ఎదుటివాడి మాట వినకుండా తీర్పు ఇస్తే నువ్వే ముందు తిడతావు.

ప్రొఫెసరు జవాబు వచ్చింది. ఒకే బ్లేడుతో కోస్తే ఏ ముక్కకైనా అదే గీత పడుతుంది కదా అంటున్నారు. మా ఎడిటరుగారికి అది సబబుగానే తోచింది. నువ్వేమంటావో వెంటనే రాయి. అయినా నేను పట్టుబట్టి మీ సంస్థకి రాయించాను, విచారణకి కమిటీ వేసింది, ముగ్గురు. అక్కడ నీకు చెప్పుకునే అవకాశం ఇస్తారు.

దగ్గుకి డాక్టరుకి చూపించుకో. కోపంగా ఉన్నా సరే, చూపించుకో.

కందిరీగ


ఏప్రిల్ 6

అమ్మాయ్,

నీ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను గానీ, నీతో మాట్లాడుతున్నానని అనుకోకు.

గీత ఒక్కటే అయితే ఒప్పుకుంటాను. గీత పక్కన ఒక మడత ఉంది. మడత చివర చిన్న చిరుగు. నీళ్ల మీద తేల్చినప్పుడు పడే మడత అది. నేను వెయ్యిసార్లు ప్రయత్నించినా మళ్లీ అదే చోట అదే వంకరతో వెయ్యలేను. పైగా బ్లేడు ఒకటి కాదు, రెండు. రిజిస్టరులో రెండు తారీఖులున్నాయి. ఇంత చదువుకున్న మీ ఎడిటరుగారు ఇంత చిన్న మాట అడగలేకపోయారా?

ఇక నువ్వు చెప్పిన కమిటీ. ముగ్గురిలో ఒకాయన ప్రొఫెసరు పాత శిష్యుడు. ఇంకొకాయన ఆయనతో కలిసి అదే మందు మీద వ్యాసాలు రాస్తాడు. మూడో ఆవిడ నిద్రపోయింది. నిజంగానే, గురక వినిపించింది.

"దిమ్మలు బీరువాలో ఉన్నాయి. యంత్రం తాళం ఇవ్వండి, మీ ముగ్గురి ఎదుటా మందు వేసినవి మళ్లీ కోసి చూపిస్తాను. గంట పని" అన్నాను. "అది మా పరిధిలో లేదమ్మా" అన్నారు. రిజిస్టరు మాత్రం తెరిచారు. నేను ఎర్ర సిరాతో రాసుకున్న పేజీ తీశారు. "ఆ రోజు పొరపాటు జరిగిందని మీరే రాశారు కదా. ఒక పొరపాటు జరిగితే ఇంకోటి జరగదని ఏముంది? చీటీలు తారుమారు చేసి ఉండొచ్చు కదా?" అన్నాడు శిష్యుడు.

ఒళ్లు మండిపోయింది. తప్పు చేశానని రాసినందుకు నేను పొరపాట్లమనిషిని! చేసింది రాయనివాళ్లు నిక్కమైనవాళ్లు! ఇరవై ఎనిమిదేళ్లలో ఆ రిజిస్టరులో ఎర్ర సిరా పేజీలు ఆరు. ఆ ఆరూ ఎవరూ అడక్కుండా నేనే రాశాను. ఇంకెప్పుడూ రాయకూడదన్నమాట.

పిన్ని


జూన్ 2

పిన్నీ,

చివరికి ఒక కొలిక్కి వచ్చింది. నువ్వు రెండు నెలలుగా జవాబు రాయకపోయినా నేను ఊరుకోలేదు. వారం వారం ఎడిటరుగారి గది ముందు నిలబడ్డాను. మడత సంగతి మూడుసార్లు చెప్పాను.

కమిటీ నివేదిక వచ్చింది. రెండు బొమ్మలూ ఒకటేనని ఒప్పుకున్నారు! అంటే నువ్వు చెప్పింది నిజమని తేలినట్టే. ఆగస్టు సంచికలో సవరణ వేస్తున్నాం. కుడివైపు బొమ్మ తీసేసి, ప్రొఫెసరు పంపిన ఇంకో బొమ్మ వేస్తాం.

కారణం రాసే వాక్యం దగ్గర పెద్ద తగాదా అయింది. "స్లైడ్లు తయారుచేసిన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని ప్రొఫెసరు రాసి పంపాడు. నాకు రక్తం మరిగింది. ఆ మాట ఉండటానికి వీల్లేదని పట్టుబట్టాను. ఎడిటరుగారితో గంటసేపు వాదించి "సిబ్బంది పొరపాటు వల్ల" అని మార్పించాను. నీకోసమే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, పైగా నీ పేరు ఎక్కడా ఉండదు. ఇలాంటివి ఎన్నో వేశాం, రెండు లైన్లు, ఎవరూ చదవరు కూడా.

దీంతో ఒక ఫారం పెడుతున్నాను. ఫిర్యాదు మీద వచ్చిన సవరణ కాబట్టి సంబంధిత సిబ్బంది సంతకం కావాలి. సంతకం పెట్టి పంపితే ఫైలు మూసేస్తాం. నిన్ను మళ్లీ నీ బల్ల దగ్గరికి పంపిస్తామని ప్రొఫెసరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. నీ రిటైర్మెంటు ఇంకా తొమ్మిది నెలలే. ఆ తొమ్మిది నెలలూ నీ యంత్రం ముందు కూర్చో పిన్నీ. నాకు కావాల్సింది అంతే.

నీ
కందిరీగ


జూన్ 11

పెద్దమ్మాయిగారికి,

ఫారం తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు. ఉండదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి, నిజం చెప్తున్నాను, నిన్నెత్తుకుని తిప్పిన చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది.

నాకోసం మార్పించావా? గంటసేపు వాదించావా? ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే సందు దొరికినదానికి, ఆ వాక్యం మొత్తం కొట్టేసే సందు దొరకలేదా? నేను చీటీలు మార్చలేదు. నిర్లక్ష్యంగానూ మార్చలేదు, పొరపాటుగానూ మార్చలేదు, ప్రేమగానూ మార్చలేదు! బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పింది నా చీటీయా? రంగు ముదురు చేసింది నా బ్లేడా? ఆ సంగతి మీ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. నువ్వు, ఆ రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసినదానివి, నువ్వూ అడగలేదు.

ప్రొఫెసరు పంపిన ఇంకో బొమ్మ అన్నావు. అది ఎవరు కోశారు? యంత్రానికి తాళం వేసి మూడు నెలలైంది. ఎక్కణ్ణుంచి వచ్చింది? మచ్చలున్నాయా అందులో? చూశావా? చూడవు. రెండు లైన్లు వేస్తే ఫైలు మూతపడుతుంది, అది చాలు మీకు.

నా బల్ల నాకు కావాలి. ఎంత కావాలో నీకు తెలుసు. పొద్దున లేవగానే చేతులు ఆ యంత్రం తిప్పే చక్రం కోసం వెతుక్కుంటున్నాయి. తెలిసే దాన్ని ఎరగా చూపించావు.

పేరు ఉండదు కదా అన్నావు. ఈ భవనంలో కోసేది ఒక్కదాన్నేనని మార్చిలోనే రాశాను. మళ్లీ చెప్పించుకుంటున్నావు.

ఇలాంటివి ఎన్నో వేశామని రాశావు. ఎన్ని? నువ్వు దిద్దినవాటిలో సిబ్బంది పొరపాటు అని ఎన్నింటిలో ఉంది? వాళ్లలో ఎంతమందిని అడిగారు? లెక్కపెట్టి రాయి. అప్పటిదాకా నాకు ఉత్తరం రాయకు.

నేను ఎడిటరుగారికి వేరే ఉత్తరం పంపాను. నా పూర్తి పేరుతో, హోదాతో, చిరునామాతో. దిమ్మలు బయటివాళ్ల ఎదుట మళ్లీ కొయ్యాలని అడిగాను. నకలు సంస్థ పెద్దలకీ, ఆ మందుని మనుషుల మీద పరీక్షిస్తున్న ఆసుపత్రికీ పంపాను. ఇక నన్ను ఏ గదికి మారుస్తారో మార్చుకోనీ.

పిన్ని


ఆగస్టు 27

పిన్నీ,

లెక్కపెట్టాను. అందుకే ఇన్నాళ్లు పట్టింది.

నీ ఉత్తరం అందిన రోజే ఎడిటరుగారి దగ్గరికెళ్లి మనం బంధువులమని చెప్పాను. ఫిబ్రవరి నుంచి దాచానని రాసిచ్చాను. ఆ సవరణలో కారణం అబద్ధమని, అది తెలిసే నేను మాట మార్చానని కూడా రాసిచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎదుటివాళ్ల తప్పులు దిద్దే చోట కూర్చుని ఇదేమిటమ్మా!" అన్నారు. నా చేతిలోంచి ఆ ఫైలు తీసేశారు. జులై నెలాఖరుకి ఉద్యోగం కూడా. ఆలోపు పని అప్పగించడానికి ఆరు వారాలు ఇచ్చారు. ఆ ఆరు వారాలూ పాత ఫైళ్ల ముందే కూర్చున్నాను.

ఆగస్టు సంచికలో ఆ సవరణ రాలేదు. నీ సంతకం లేదు, నా కాగితం ఉంది, వేసే ధైర్యం లేకపోయింది వాళ్లకి. వ్యాసం మాత్రం అలాగే ఉంది, పక్కన ఒక చుక్క కూడా లేకుండా. నీ ఫిర్యాదు అందిందని, పరిశీలనలో ఉందని నీకు జవాబు వచ్చే ఉంటుంది. ఆ జవాబు నమూనా నేను రాసిందే, చదివి తిట్టుకునే ఉంటావు. ఒక్కటి జరిగింది. ఆసుపత్రివాళ్లు కొత్త రోగుల్ని చేర్చుకోవడం ఆపేశారు. నువ్వు పంపిన నకలు వల్ల. మా జర్నల్ వల్ల కాదు.

ఇక లెక్క. ఆరేళ్లలో బొమ్మల విషయంలో వేసిన సవరణలు నలభై ఒకటి. వాటిలో సిబ్బంది పొరపాటు అన్నవి పదిహేడు. ఆ పదిహేడులో నేను దిద్దినవి పదమూడు. మూడింటిలో ఆ మాట రచయితలు రాసింది కూడా కాదు. వాళ్లు కారణమేమీ రాయకపోతే, వాక్యం బోసిగా ఉందని నేనే చేర్చాను. అడిగిన సిబ్బంది ఒక్కరూ లేరు. అడగాలని తట్టినట్టు ఏ ఫైల్లోనూ ఒక్క గీత లేదు.

పదమూడు ల్యాబులకీ ఉత్తరాలు రాశాను. పేర్లు తెలియవు కాబట్టి పైన "ఆ సంవత్సరం మీ దగ్గర ఈ పని చేసినవారికి" అని రాశాను. లోపల సవరణ నకలు పెట్టి, ఇది మీ పొరపాటేనా, కాకపోతే ఏం జరిగింది, అని అడిగాను. తొమ్మిది ల్యాబుల నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండు తిరిగొచ్చాయి. ఒకావిడ ఫోన్ చేసి నన్ను తిట్టి పెట్టేసింది. నీకన్నా బాగా తిట్టింది.

పదమూడోదానికి జవాబు నిన్న వచ్చింది. నాలుగేళ్ల కిందట వేసిన సవరణ అది, నేను మాట చేర్చిన మూడింటిలో ఒకటి. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆయన ఇప్పుడు ఆ ల్యాబులో లేడు, ఎవరో ఇంటికి తీసుకెళ్లి ఇచ్చారట. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

"అమ్మా, మీరు పంపిన కాగితం చదివాను. ఇలాంటిది అచ్చయిందని నాకు తెలియదు. బొమ్మలు నేను సరిగ్గానే ఇచ్చాను. ఆ ఏడు వేసవిలో ఉన్నట్టుండి నన్ను మానిపించారు. కారణం అడిగితే నీకే తెలియాలి అన్నారు. నాలుగేళ్లుగా ఏం చేశానా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇప్పుడు తెలిసింది. ఆ మాట రాసినవారు ఎవరో మీకు తెలిస్తే చెప్పగలరా?"

జవాబు రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను పిన్నీ. "నేనే" అన్న మాట దగ్గర ఆగిపోయి నీకు రాస్తున్నాను. ఇది పోస్టులో వేసి వచ్చి, అది పూర్తి చేస్తాను.

మీ అక్క కూతురు